కింది పొర

జూన్ 6, శుక్రవారం

రేపు కంటైనర్ల సదస్సు. వెళ్ళేది నేనే. ఆఫీసు నుంచి ఒక్కరినే పంపుతానన్నారు పెద్దాయన. వారం రోజులు ఆయన వెంటపడి సాధించాను. గోల్డ్ మెడల్ కూడా అడిగింది. ఆ అమ్మాయి చేరి ఎనిమిది నెలలైంది. చేరిన రోజే ఎవరో ఆమెకు కాలేజీలో వచ్చిన బంగారు పతకం సంగతి ఎత్తారు. అప్పటి నుంచీ నా మటుకు ఆమె పేరు అదే. మొహం మీద అనను, అంతే.

"సార్, ఆవిడకి డిగ్రీ ఉంది. నాకు ఇలాంటివే డిగ్రీలు" అన్నాను పెద్దాయనతో. ఆయన నవ్వి సరే అన్నారు.

గోల్డ్ మెడల్ ఏమీ అనుకోలేదు. "వెళ్ళి రండి. వచ్చాక మాకూ చెప్పండి" అంది. ఆ మర్యాదే నాకు పడదు. పోట్లాడితే పోట్లాడొచ్చు. మర్యాదతో ఎలా పోట్లాడతాం?

మూడేళ్ళ కిందట గోడలకు కన్నాలేసి కేబుళ్ళు లాగేవాణ్ణి. నాకు ఎవడూ పాఠం చెప్పలేదు. నిచ్చెన మీద కూర్చుని ఫోన్లో వీడియోలు చూసి నేర్చుకున్నాను. ఇవాళ పదకొండు ల్యాబుల రక్తపరీక్షల రిపోర్టులు జనం ఫోన్లలో తెరుచుకుంటున్నాయంటే దాని వెనక నా చెయ్యి ఉంది. ఇది ఎవరూ అనరు కాబట్టి నేనే రాసుకుంటున్నాను.

అక్క నా చొక్కా ఇస్త్రీ చేస్తూ అడిగింది. "కంటైనరంటే ఏంట్రా? ఓడల మీద పోయే పెట్టెలా?"

"కాదక్కా. ప్రోగ్రామూ, దానికి కావలసిన సరంజామా అంతా ఒకే మూటగా కట్టేస్తాం. ఆ మూట ఏ మెషీన్ మీద విప్పినా అచ్చం ఒకేలా నడుస్తుంది."

"మూటలు కట్టడం నేర్పడానికి ఒక సభా?"

పక్క గదిలోంచి బావ నవ్వు వినిపించింది. "నీ తమ్ముడికి కట్టడం వచ్చులేవే, విప్పడమే రాదు. తడిసిన బూట్ల తాళ్ళు చూడు, ఎలా ముడులు పడ్డాయో."

నవ్వండి. రేపు చూడండి.

జూన్ 7, శనివారం

బాగా జరిగింది. చప్పట్లు కొట్టారు. తలనొప్పిగా ఉంది.

జూన్ 8, ఆదివారం

పొద్దున్నే అక్క మెట్ల దగ్గర పక్కింటావిడతో చెప్తోంది. "మావాడు స్టేజీ ఎక్కి మాట్లాడితే అంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టారట." లేచి నిలబడి అని నిన్న నేనే చెప్పాను. ఎందుకు చెప్పానో తెలియదు. కూర్చునే కొట్టారు. కూర్చుని కొట్టినా చాలు కదా, దాన్ని లేపి నిలబెట్టడం దేనికి?

చప్పట్ల సంగతి కాదు నేను రాయాల్సింది. ఇది ఎవరూ చదవరు. రాస్తాను.

లైబ్రరీ పై అంతస్తులో హాలు. అరవై కుర్చీలు, నలభై మంది. తెర మీద ఒక మూల నీలం మరక. గుమ్మం దగ్గర పేర్లు రాసే కాగితంలో పేరు, సంస్థ, విద్యార్హత అని మూడు గళ్ళు. అరికాలి మంట నెత్తికెక్కింది. మూడో గడిలో ఒక గీత గీశాను, కాగితం చిరిగేంత గట్టిగా. రోజంతా ఆ గీత కోపంతోనే కూర్చున్నాను. అదీ నిజం.

పొద్దుట రెండో ప్రసంగం ఒక పెద్దావిడది. యాభై దాటి ఉంటాయి, మెడలో తాడుకు వేలాడే కళ్ళజోడు. ఏదో ప్రింటింగ్ ప్రెస్సులో సర్వర్లు చూసుకుంటుందట. ప్రసంగం పేరు 'మేం చేసిన తప్పులు'. తప్పులు చెప్పుకోవడానికి ఇంతదూరం రావాలా అనుకుని లేచి వరండాలోకి పోయాను. ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని నా వంతుకు సిద్ధం చేసుకున్నాను. మధ్యాహ్నం ఎవరైనా లేచి ఐదు నిమిషాలు మాట్లాడొచ్చన్నారు.

మాట్లాడాను. మొదటి పేజీలో మా ఆఫీసు పేరు ఇంత పెద్ద అక్షరాలతో పెట్టాను. రిపోర్టులు అచ్చుకు తయారుచేసే మా ప్రోగ్రామును నేను మూట కట్టిన తీరు చూపించాను. తొమ్మిది వందల ఎంబీ ఉన్నదాన్ని అరవైకి దించాను. వెనక వరుసలో ఎవరో ఈల వేశారు. "నమ్మకపోతే ఇప్పుడే మీ మెషీన్లలోకి దించుకుని చూడండి, నెట్‌లో అందరికీ తెరిచి పెట్టాను" అన్నాను. చప్పట్లు కొట్టింది అప్పుడే.

తర్వాత టీ బల్ల దగ్గర ప్రెస్సావిడ నా పక్కకు వచ్చింది. గొంతు బాగా తగ్గించి, నాకు మాత్రమే వినబడేలా అంది.

"బాబూ, నీ మూటలో ఒక కీ ఫైలుంది. చూసుకున్నావా?"

"లేదు మేడమ్. తీసేశాను."

"తీసేశావు. పై పొరలో తీసేశావు. కింది పొరలో అలాగే ఉంది."

అక్కడే తెరిచి చూపించాను. "ఎక్కడుంది? చూపించండి. లేదు కదా?"

"పైనుంచి చూస్తే కనబడదమ్మా. గోడ మీద బొగ్గుతో రాసి పైన సున్నం కొట్టావనుకో, రాత పోదు కదా. పొద్దున నేను చెప్పింది అదే..."

చుట్టూ ముగ్గురు నలుగురు మావైపు తిరిగారు. ఒకడు నవ్వాడు. నా మీదే నవ్వాడని ఇప్పుడు కూడా చెప్పలేను. అప్పుడు మాత్రం నా మీదే అనుకున్నాను.

"మీరు మీ ప్రెస్సులో పెళ్ళికార్డులు సరిగ్గా పడుతున్నాయో లేదో చూసుకోండి మేడమ్. ఇది మీ పాత మెషీన్ల వ్యవహారం కాదు" అన్నాను. గట్టిగానే అన్నాను. ఆవిడ కళ్ళజోడు తీసి చీర చెంగుతో తుడుచుకుంది. "సరే బాబూ" అంది. అంతే అంది.

పది నిమిషాల తర్వాత బాత్రూంలో తలుపు గడియ పెట్టుకుని, మూత మీద కూర్చుని, మోకాళ్ళ మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని ఒక్కో పొరా విప్పాను. మూట కట్టేటప్పుడు రిపోర్టుల నమూనా కాగితాలు తెచ్చుకోవడానికి ఆ కీ ఒకసారి కావాలి. ఒక మెట్టులో లోపల పెట్టాను, ఇంకో మెట్టులో వాడాను, మూడో మెట్టులో చెరిపేశాను. ప్రతి మెట్టూ ఒక పొరగా మిగులుతుంది. చెరిపేసినా సరే. నాలుగో పొరలో ఉంది. మా కీ. పదకొండు ల్యాబుల రిపోర్టులన్నీ దాచిన చోటికి కీ.

ఇది ఏ వీడియోలో చెప్పినా నేను చూడలేదు. చూసి ఉంటాను. ముందుకు జరిపేసి ఉంటాను.

వెంటనే మూట తీసేశాను. పెట్టి మూడు గంటలైంది. అప్పటికే పంతొమ్మిది సార్లు దించుకున్నారు. బయట ఎవరో తలుపు కొట్టారు. "అయిపోయిందా బాబూ?" అని. వెనక మెట్ల మీదుగా వచ్చేశాను. సంచీ కుర్చీ దగ్గరే ఉండిపోయింది. తెచ్చుకోలేదు.

పంతొమ్మిదిలో సగం నావే అయి ఉంటాయి, పొద్దుట పరీక్షించినవి. మిగతావాళ్ళు ఆడుకుని మర్చిపోయి ఉంటారు. ఎవడు చూస్తాడు పొరలు విప్పి?

ఆవిడ చూసింది.

జూన్ 9, సోమవారం

పెద్దాయన పొద్దున్నే భుజం తట్టారు. "ఏమయ్యా, అదరగొట్టావటగా. వచ్చే సోమవారం పదింటికి అందరినీ కూర్చోబెడతాను. అక్కడ నేర్చుకున్నవన్నీ ఒక పేజీ రాసి చదువు."

పదకొండింటికి ఆఫీసు ఉత్తరాల పెట్టెలో ఒక మెయిల్ వచ్చింది. ఆ పెట్టె చూసేది నేనే. ప్రెస్సావిడ రాసింది.

'అయ్యా, శనివారం సదస్సులో మీ సంస్థ తరఫున చూపించిన మూటలో మీ కీ బయటపడింది. మూట తీసేసినట్టున్నారు, సంతోషం. కానీ అప్పటికే దించుకున్నవాళ్ళ దగ్గర అది ఉంటుంది. వెంటనే కీ మార్చండి. ఆ అబ్బాయి మంచి పనివాడు. అతన్ని ఏమీ అనకండి. మేమూ ఇదే తప్పు చేశాం.'

అతన్ని ఏమీ అనకండి! ఒళ్ళు మండింది. నాకు సిఫార్సు చెయ్యడానికి ఈవిడెవరు? పెళ్ళికార్డుల మాట అంత గట్టిగా తగిలినా ఇలా రాసిందంటే... అదే ఇంకా మండింది.

చెరిపేశాను. చెత్తబుట్టలోంచి కూడా.

కీ మార్చడం ఐదు నిమిషాల పని. కానీ మార్చిన మరుక్షణం పదకొండు ల్యాబుల్లో మెషీన్లు ఆగిపోతాయి. ఒక్కో ల్యాబుకూ ఫోన్ చేసి కొత్త కీ ఎక్కించాలి. ఎందుకు మార్చారు అంటారు. గుట్టుగా మార్చే దారి లేదు. ఉంటే మార్చేవాణ్ణి. నిజంగానే మార్చేవాణ్ణి.

జూన్ 10, మంగళవారం

సదస్సులో నేర్చుకున్నవి:

ఒకటి. మూట ఎంత చిన్నదైతే అంత మంచిది.

రెండు. మూలం ఎక్కడిదో తెలియని మూట వాడకూడదు.

మూడు. మూటలో

గోల్డ్ మెడల్ నా బల్ల పక్కగా పోతూ తొంగిచూసింది. "మూడోది ఏంటండీ?"

"ఇంకా ఆలోచిస్తున్నా."

"ఎవరో తప్పుల మీద మాట్లాడారటగా? అది బాగుందని నా స్నేహితురాలు చెప్పింది. అది తప్పకుండా రాయండి, ప్లీజ్."

రాస్తానన్నాను.

జూన్ 11, బుధవారం

ఏమీ జరగలేదు. నాలుగు రోజులైంది, ఏమీ జరగలేదు. అంటే జరగదు.

జూన్ 12, గురువారం

జరిగింది.

గోల్డ్ మెడల్ ప్రతి గురువారం రిపోర్టులు దాచిన చోట ఎవరు ఏం తెరిచారో ఆ చిట్టా చదువుతుంది. ఎవరూ చెప్పకుండానే చదువుతుంది. నేనెప్పుడూ చదవలేదు. మూడింటికి లేచి పెద్దాయన గదిలోకి పోయింది. రెండు నిమిషాల్లో నన్నూ పిలిచారు.

ఆదివారం తెల్లవారుజామున ఎక్కడిదో తెలియని చోటు నుంచి మా కీతో లోపలికి వచ్చారు. అరవై నాలుగు రిపోర్టులు తెరిచి తీసుకుపోయారు. కీ సరైనదే కాబట్టి ఏ గంటా మోగలేదు.

"మన కీతోనే వచ్చారు సార్. దొంగతనంగా తలుపు పగలగొట్టినట్టు లేదు" అంది.

"కీ ఎవరెవరి దగ్గరుంది?" అన్నారు పెద్దాయన. ఆయనకు తెలుసు. ల్యాబుల మెషీన్లలో కాక మా ఇద్దరి దగ్గరే ఉంది.

నేను కిటికీ తెర అంచు చూస్తున్నాను.

"నీ ల్యాప్‌టాప్ మొన్న రిపేరుకి ఇచ్చావు కదమ్మా?" అన్నారు.

"స్క్రీన్ మార్పించాను సార్. పక్కనే నిలబడ్డాను."

"మొత్తం సేపూ?"

"ఒక... పావుగంట బయటికెళ్ళాను."

అప్పుడు నేను నోరు తెరిచాను. చెప్పడానికే తెరిచానని అనుకున్నాను. దేవుడి మీద ఒట్టు, అలాగే అనుకున్నాను. బయటికి వచ్చింది ఇది: "షాపువాడికి ఇచ్చేటప్పుడు పాస్‌వర్డ్ కూడా చెప్పారా?"

"స్క్రీన్ పనిచేస్తోందో లేదో చూడాలంటే చెప్పాను" అంది.

పెద్దాయన కుర్చీలో వెనక్కి వాలారు. ఆయన మనసులో ఏదో స్థిరపడిన చప్పుడు నాకు వినబడినట్టే అనిపించింది.

నేను ప్రశ్నే అడిగాను. నింద వెయ్యలేదు. ఎవరైనా అడిగే ప్రశ్నే అది.

జూన్ 13, శుక్రవారం

పెద్దాయన ఆమె ల్యాప్‌టాప్ తీసుకున్నారు. ఎవరితోనో పరీక్ష చేయించేదాకా ఇంట్లో ఉండమన్నారు. పనిలోంచి తీసేశానని అనలేదు. "చూద్దామమ్మా" అన్నారు. అందరం తలలు వంచుకుని కీబోర్డులు చూసుకున్నాం.

ఆమె బల్ల సర్దుకుంది. నీళ్ళ సీసా, గొడుగు, పెన్నుల డబ్బా. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడిస్తే నాకు కోపం తెచ్చుకోవడానికి ఒక వంక దొరికేది. ఏడవలేదు. నా దగ్గరికి వచ్చి రెండు కాగితాలు ఇచ్చింది. తను చూసే పనులన్నీ వరసగా రాసి పెట్టింది. ఏ ల్యాబుకి ఎవరితో మాట్లాడాలి, ఏ మెషీన్ ఎప్పుడు మొరాయిస్తుంది, ఎవరికి పొద్దున ఫోన్ చేస్తే చిరాకు.

"సోమవారం మీరు చెప్పేది వినలేను. రాసింది నాకు పంపుతారా?"

"పంపుతాను."

"మీ మీద భారం పడుతుంది, సారీ" అంది.

నాకు సారీ చెప్పింది.

కీ కూడా ఇవాళే మార్చాలన్నాను పెద్దాయనతో. "ముందు ఎలా పోయిందో తేలనీ. ల్యాబులవాళ్ళకి ఏమని చెప్తాం?" అన్నారు. ఎలా పోయిందో తెలిసినవాణ్ణి ఆయన ముందే నిలబడి ఉన్నాను.

జూన్ 14, శనివారం

చెప్తే ఉద్యోగం పోతుంది. డిగ్రీ ఉన్న అమ్మాయికి ఇంకోటి దొరుకుతుంది. నాకు నిచ్చెనే.

జూన్ 14, సాయంత్రం

పైన రాసినది మళ్ళీ చదివాను. దాన్ని చింపేద్దామనుకున్నాను. చింపను. ఉండనీ.

జూన్ 15, ఆదివారం

అక్క కుట్టుమిషన్ దగ్గర కూర్చుని ఎవరిదో జాకెట్టు చేతులు విప్పి మళ్ళీ కుడుతోంది. నేను గుమ్మంలో కూర్చున్నాను. మిషన్ ఆపకుండానే అంది. "ఏంట్రా వారం నుంచీ ఇలా ఉన్నావు? తింటున్నావో లేదో కూడా తెలీడం లేదు. ఎవరైనా అమ్మాయా?"

"అమ్మాయే."

మిషన్ ఆగింది. మొహం వెలిగిపోయింది పాపం. "ఎవర్రా?"

చెప్పాను. మొత్తం చెప్పాను. లేచి నిలబడని చప్పట్ల దగ్గర నుంచి రిపేరు షాపు ప్రశ్న దాకా. సగంలోనే ఆ వెలుగు పోయింది. పొరలూ కీలూ ఆమెకు ఎంతవరకు అర్థమయ్యాయో తెలియదు. వినాల్సింది మాత్రం విన్నది.

"అంటే బట్ట కత్తిరించేసింది నువ్వు. పక్క మిషన్ పిల్ల కత్తిరించిందని చూపించావు."

"చూపించలేదక్కా. అడిగాను అంతే."

"అడిగావా?" అంది. నా మొహంలోకి చూసింది. నేను చూడలేకపోయాను.

బావ లోపల్నుంచి విన్నట్టున్నాడు. ఎప్పుడూ ఏదో ఒక ఎకసెక్కం ఆడేవాడు ఇవాళ బయటికే రాలేదు. అదే పెద్ద దెబ్బ.

"ఆ పిల్ల ఇంట్లో వాళ్ళకి ఏమని చెప్పుకుని కూర్చుందో" అంది అక్క. ఇంకేమీ అనలేదు. సూదిలో దారం ఎక్కించుకుంది. తిడితే బాగుండేది. చిన్నప్పుడు ఎన్నిసార్లు చెవి మెలిపెట్టింది! ఇవాళ నా చెవి దాకా రావడానికి కూడా ఆమె చెయ్యి ఇష్టపడలేదు.

సాయంత్రం పక్కింటావిడ మెట్ల దగ్గర అడుగుతోంది. "మీ తమ్ముడు మా వాడికి కూడా కాస్త కంప్యూటర్ చెప్తాడేమో అడగవా?" అక్క "వాడికి ఇప్పుడు తీరిక లేదండీ" అంది. గొంతులో గొప్ప లేదు.

జూన్ 16, సోమవారం

పదింటికి అందరూ కుర్చీలు లాక్కుని కూర్చున్నారు. పెద్దాయన, లెక్కల మేడమ్, ఫోన్లు చూసే ఇద్దరు, ఇంకో ఇద్దరు. గోల్డ్ మెడల్ కుర్చీ గోడ వైపు తిప్పి ఉంది. దాన్ని ఎవరు తిప్పారో తెలియదు.

పేజీ చేతిలో ఉంది. ఆరు పాఠాలు రాశాను. నిన్న రాత్రి తిన్న తర్వాత శుభ్రంగా తిరగరాశాను. మొదటిది చదివాను. మూట ఎంత చిన్నదైతే అంత మంచిది. లెక్కల మేడమ్ చెంచాతో కప్పులో తిప్పుతోంది. రెండోది చదవబోయి ఆగాను.

"సార్, ఆ కీ నేనే బయటపెట్టాను" అన్నాను.

చెంచా ఆగింది.

"ఏమన్నావు?"

"సదస్సులో చూపించిన మూటలో కీ ఉండిపోయింది. అందరినీ దించుకోమన్నాను. అక్కడే ఒకావిడ చెప్పింది, నేను వినలేదు. పోయిన సోమవారం మనకి మెయిల్ రాసింది, చెరిపేశాను. ఆ అమ్మాయి తప్పు ఏమీ లేదు."

ఎంత తొందరగా అయిపోయిందో! తొమ్మిది రోజులు మోసింది చెప్పడానికి అర నిమిషం కూడా పట్టలేదు.

పెద్దాయన అరుస్తారనుకున్నాను. ఆయన కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. "శుక్రవారం ఆ పిల్ల సంచీ సర్దుకుంటుంటే నువ్వు ఎక్కడున్నావయ్యా?"

"ఇక్కడే ఉన్నాను సార్."

"ఇక్కడే ఉన్నావు" అన్నారు. అందరినీ బయటికి పొమ్మన్నారు. నన్ను మాత్రం కూర్చోమన్నారు. గోల్డ్ మెడల్‌కి నా ముందే ఫోన్ చేశారు. స్పీకర్ పెట్టలేదు. ఆయన మాటలే వినిపించాయి. "అవునమ్మా... లేదమ్మా... అతనే... నన్ను క్షమించాలి నువ్వు." ఆయన వయసు అరవై. నా మూలాన ఆయన ఆ మాట అన్నారు.

రిపేరు షాపు ప్రశ్న సంగతి నేను చెప్పలేదు.

జూన్ 16, ఆఫీసు అయ్యాక

ప్రెస్సావిడకు ఉత్తరం రాశాను. పేజీన్నర వచ్చింది. చదివి చూస్తే సగం నా గీత గురించి, మూడో గడి గురించి, కేబుళ్ళ గురించి ఉంది. అదంతా తీసేస్తే మూడు వాక్యాలు మిగిలాయి. 'మీరు చెప్పింది నిజం. నేను అన్న మాట తప్పు. మీ మెయిల్ నేనే చెరిపేశాను.' అవి పంపాను.

పది నిమిషాల్లో జవాబు వచ్చింది. 'కీ మార్చారా?'

అంతే ఉంది.

జూన్ 17, మంగళవారం

కీ మార్చాం. పదకొండు ల్యాబులకూ నేనే ఫోన్ చేశాను.

గోల్డ్ మెడల్ వచ్చింది. కుర్చీ తిప్పుకుని కూర్చుంది. నేను ఆమె బల్ల దగ్గరికి పోయి నిలబడ్డాను. ఏం చెప్పాలో ఇంటి దగ్గర పాఠంలా వల్లించుకున్నాను. మొదలుపెట్టేలోపే ఆమే అడిగింది.

"ఆ రిపేరు షాపు ప్రశ్న అడిగారు కదా. అప్పటికే మీకు తెలుసా?"

అప్పటికి తెలియకపోయి ఉంటే ఎంత బాగుండేది. పొరపాటు చేసినవాడిగా మాత్రమే మిగిలిపోయేవాణ్ణి.

"తెలుసు."

"తెలిసే అడిగారు."

"అవును."

తలాడించింది. లెక్క సరిచూసుకున్నట్టుగా. "మా నాన్న శుక్రవారం నుంచీ ఆ షాపుకి మూడుసార్లు వెళ్ళి వచ్చారు" అంది. "ఆ షాపతన్ని ఏమేమి అన్నారో నాకు చెప్పడం లేదు." తర్వాత తెర వైపు తిరిగిపోయింది.

మధ్యాహ్నం పెద్దాయన ఇద్దరినీ పిలిచారు. "కీ మారిపోయింది. ఆ పిల్ల తప్పు లేదని తేలింది. ఇక దీన్ని ఇంతటితో వదిలేద్దాం."

"ఎలా వదిలేస్తాం సార్?" అంది గోల్డ్ మెడల్. "అరవై నాలుగు మంది ఉన్నారు. వాళ్ళ రిపోర్టులు వాళ్ళకి తెలియకుండా ఎవరి దగ్గరో ఉన్నాయి."

"ఫోన్ చేసి ఏమని చెప్తామమ్మా? మన పరువు..."

"నేను చేస్తాను సార్" అన్నాను. పెద్దాయన నావైపు కాక ఆమె వైపు చూశారు. ఆమె అంది:

"అన్నీ ఆయనే చెయ్యాలి. నేను పక్కన కూర్చుని ఎవరు ఏమన్నారో రాసుకుంటాను."

పెద్దాయన చాలాసేపు బల్ల గీరుతూ కూర్చున్నారు. "చెయ్యండి. అవన్నీ అయ్యాక నీ ఉద్యోగం సంగతి మాట్లాడదాం" అన్నారు నాతో.

జూన్ 18, బుధవారం

ఫోన్ నంబర్ రిపోర్టు మొదటి పేజీలోనే ఉంటుంది. నంబర్ కావాలంటే రిపోర్టు తెరవాలి. అరవై నాలుగూ తెరిచాను.

పొద్దున తొమ్మిదికి మొదలుపెట్టాం. మొదటి ఫోన్లో "సాంకేతిక కారణాల వల్ల" అన్నాను. గోల్డ్ మెడల్ కలం ఎత్తి పట్టుకుంది, రాయలేదు. నేను ఆగి, మళ్ళీ మొదలుపెట్టాను. "నా పొరపాటు వల్ల మీ రక్తపరీక్ష రిపోర్టు ఎవరో బయటివాళ్ళ చేతికి వెళ్ళిందండీ."

ఒక ముసలాయన "నా రిపోర్టా? నాకే ఇంకా రాలేదయ్యా! చూసినవాడెవడో గాని, నా షుగర్ ఎంతుందో చెప్పమను" అన్నాడు. గోల్డ్ మెడల్‌కి నవ్వొచ్చింది. నా ముందు నవ్వకూడదని ఆపుకుంది. ఒకాయన నన్ను పావుగంట తిట్టాడు, నా పుట్టుపూర్వోత్తరాలన్నీ తడిమాడు. ఆ పావుగంటా హాయిగా ఉంది. ఒకావిడ "సరే బాబూ, పొయ్యి మీద పాలున్నాయి" అని పెట్టేసింది. ఇలా ఇరవై రెండు అయ్యాయి.

ఇరవై మూడోది ఒక అమ్మాయి. గొంతు చిన్నది. నేను చెప్పిందంతా మధ్యలో ఏమీ అనకుండా వింది. వెనక ఎక్కడో గిన్నెలు కడుగుతున్న చప్పుడు. తర్వాత తలుపు వేసుకున్న చప్పుడు. ఆ తర్వాత గుసగుసగా అడిగింది.

"ఎవరు చూశారు?"

"తెలియదండీ."

"మావాళ్ళెవరైనానా?"

"తెలియదు. ఎక్కడివాళ్ళో కూడా తెలియదు."

"మరి మీరు?"

గోల్డ్ మెడల్ కలం ఆగింది. నంబర్ కోసమే తెరిచాను, కింది పేజీలు చూడలేదు అని చెప్పొచ్చు. చాలామందికి అది నిజం కూడా. ఈమె రిపోర్టు ఒకటే పేజీ. ఒక్కటే పరీక్ష. నంబర్ కింద రెండు వేళ్ళ దూరంలో ఉంది ఫలితం.

"చూశానండీ" అన్నాను.

పెట్టేసిందేమో అనుకుని ఫోన్ చెవి దగ్గర్నుంచి తీసి చూశాను. లేదు, అలాగే ఉంది.

"ఇంట్లో ఎవరికీ తెలియదు" అంది. "ఇప్పటిదాకా నాకొక్కదానికే తెలుసు."

క్షమించండి అన్న మాట పొద్దుటి నుంచి ఇరవై రెండు సార్లు వాడేశాను. అది చేతికందే చోట ఉంది. తీయలేకపోయాను.

"మీ పేరేంటి?" అంది.

చెప్పాను.

"ఇంటిపేరుతో చెప్పండి. రాసుకుంటాను."

ఇంటిపేరుతో సహా చెప్పాను. కాగితం మీద కలం గీరుతూ రాస్తున్న చప్పుడు వినిపించింది. సగంలో ఆగి మళ్ళీ అడిగింది. నిదానంగా, ఒక్కో అక్షరం చెప్పాను.